పొద్దుగూకినంక నీళ్ళు

గా డబ్బా నా దిక్కు జరపకు బిడ్డా. బల్ల మీద అస్సలు పెట్టకు, ఆడ మేం అన్నం గిన్నె పెడ్తం. కింద పెట్టు. ఇంకింత దూరం. ఆఁ, ఇగ మాట్లాడు.

యాభై ఆరేండ్లొచ్చినయి నాకు. ఓటడిగినోళ్ళున్నరు, ఆధార్ కార్డడిగినోళ్ళున్నరు, చేప తలకాయలు ఊకెనే ఇయ్యమని అడిగినోళ్ళయితే మస్తుమంది. గిది అడిగినోళ్ళల్ల నువ్వే మొదలు. అడిగి, డబ్బా చేతికిచ్చి, మూత గట్టిగ పెట్టమని గూడ చెప్తివి. ఏం సదువు సదివినవ్ బిడ్డా?

నవ్వు, పర్వాలేదు. నేను గూడ నవ్వుతున్న. నీకు కనపడ్తలేదు, గంతే.

గీ పార్కిన్సన్ రోగంల ముఖం గట్టిపడ్తదని డాక్టర్ సారు చెప్పిండు. లోపల నవ్వినా ఏడ్సినా పైకి ఒక్క తీరే ఉంటదట. మా ఆయన ఏమంటడో ఎరుకేనా? నీ ముఖం ఎప్పుడు సూసినా ఎవన్నో తిట్టబోతున్నట్టే ఉంటదే అంటడు. నిజంగ తిట్టాలనిపించిన ముప్ఫై ఏండ్లు నేను నవ్వుకుంట తిరిగిన. అప్పుడు నా ముఖం ఆయనకు కనపడనే లేదు.

పేరేందన్నవ్? అంకిత. దవఖానోళ్ళు పరిశోధనకు తోలిండ్రు. మంచిది. ఆ కుర్సీ కాలు ఇరిగింది, ఇటు కూసో.

రాసుకో. బుచ్చవ్వ. మొగని పేరా? రోగం నాకొస్తే ఆయన పేరెందుకమ్మా? సరె, భిక్షం. పని? ఇదేంది, గృహిణి అని ముందే రాసిపెట్టుకొని వచ్చినవ్? ఏడు దాక సదివిన నేను, సదువొస్తది. కొట్టెయ్. నా కండ్ల ముందట కొట్టెయ్ బిడ్డా.

ఇరవై ఐదేండ్లకు పైన శామీర్‌పేట చెరువు కట్ట కాడ, కరీంనగర్ రోడ్డు మీద కత్తిపీట ముందటేసుకొని కూసున్న. బొచ్చెలు, రవ్వలు, కొర్రమీనులు. బూడిద అద్ది పట్టుకుంటే ఎంత జారే చేపయినా నా చేతులల్ల నుంచి పోయేది కాదు. ఆదివారం నాడు కారు దిగకుంట అద్దం దించి, బొక్కలు లేకుంట కొయ్యమని చెప్పి, ముక్కు మూసుకొని కూసుండే మేడంలకు కోసిచ్చిన. నేను గృహిణినా?

నీ మీద కోపం లేదు తల్లీ. మా చేపల సంఘంల గూడ గిదే కథ. చెరువు మీద హక్కు మొగోళ్ళది, కార్డు మొగోళ్ళది, మీటింగుల బిర్యానీ మొగోళ్ళది. పొలుసులు మాయి, పేగులు మాయి, ఎండ మాది.

ఏంది? ఎప్పటిసంది మలబద్ధకం? గట్ల అడిగితే మా వాడల ఎవలికి సమజైతది? బయటికి పోవుడు ఎన్నొద్దులకొకసారి అని అడుగు.

ఇరవై ఐదేండ్లు అని రాసుకో. ఎక్కువ రాసినా తప్పు గాదు. మా పిలగాడు ఆకాశ్ నడక నేర్వంగనే నేను రోడ్డు మీద కూసున్న. వానికి ఇప్పుడు ఇరవై తొమ్మిది.

ఎట్ల మొదలయిందంటే ఏం చెప్పాలె? ఎట్లేముంది, నీళ్ళు తాగుడు బంద్ పెట్టిన.

పొద్దుగాల నాలుగున్నరకు, మబ్బుల్నే లేసి కట్ట కిందికి పోయేది. ఐదింటికి వలలొస్తయి. చేపలు ఏరుకొని, తట్టల ఐసు కొట్టుకొని, ఆరింటికి రోడ్డు మీద కూసున్ననంటే మళ్ళ పొద్దుగూకినంకనే లేసుడు. నడుమల లేస్తే ఎట్ల? గిరాకి పోతది. కుక్కలొస్తయి. లేసి గూడ ఏడికి పోవాలె?

మొదట్ల తుమ్మ చెట్లుండె. గుబురుగ, మనిషి కనపడకుండ. ముండ్లు కుచ్చుకున్నా సరే, మరుగుండె. ఆ తర్వాత ప్లాట్లు చేసిండ్రు. తుమ్మలు కొట్టి గోడలు లేపిండ్రు. రిసార్టులొచ్చినయి, గేట్లొచ్చినయి, గేటు మీద కెమెరాలొచ్చినయి. పట్నం దగ్గరికొచ్చిందని మొగోళ్ళు సంబురపడ్డరు. నేను మాత్రం ఏ చెట్టు పోయింది, ఏ చెట్టు మిగిలిందని సూసుకుంట కూసున్న.

మా ఆయనకేం పరేషాన్? గోడ లేసిన దినం నుంచి ఆయనకు ఇంక అల్కగయింది. నర్సయ్య తోని మాట్లాడుకుంటనే అటు తిరుగుతడు, పని సూసుకుంటడు, మాట తెగకుండ ఇటు తిరుగుతడు. నర్సయ్య అంటే మా పక్కన చాయ్ బండి ఆయన.

గందుకే కడుపుకు చెప్పిన, నోర్మూసుకో అని.

నెల రోజులు ఇనలే. గురగురలాడింది, నొచ్చింది, కండ్లల్ల నీళ్ళు తెప్పిచ్చింది. పండ్లు బిగవట్టి చేపలు కోసిన. రెండు నెల్లకు ఇన్నది. ఎట్ల ఇన్నదంటే బిడ్డా, ఇగ నేను పిలిచినా పలుకుడు బంద్ పెట్టింది. నాల్గొద్దులు. ఐదొద్దులు. ఒక్కోసారి వారం. కడుపు రాయి లెక్క అయ్యేది. అన్నం ముందల కూసుంటే నోరు రానిచ్చేది, కడుపు రానిచ్చేది కాదు.

మందా? సునాముఖి ఆకు. సోమవారం మాకు గిరాకుండది, మా దిక్కు సోమవారం చేప తినేటోళ్ళు తక్కువ. గందుకే ఆదివారం ఇంటికొచ్చినంక గిలాసల ఆకు నానేసుకొని తాగుడు. సోమవారం పొద్దంత పేగులను ఎవలో బట్టలు పిండినట్టు పిండేది. మంగళవారం మళ్ళ కత్తిపీట. ఇరవై ఐదేండ్లు నా కడుపుకు వారానికి ఒక్కటే సెలవు.

ఎవలికి చెప్పాలె? భిక్షానికా? ఒక్కసారి చెప్పిన. 'తక్కువ తిను' అన్నడు.

ఇంకో ముచ్చట చెప్త, ఇది నీ కాయితంల ఉండది. నాకు గర్వముండె. నిజం. నర్సయ్య వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు చెప్తుండె, 'బుచ్చవ్వ ఒంటె అన్నా, ఒంటె. పొద్దున కూసుంటే సాయంత్రం దాక లేవది, సుక్క నీళ్ళు తాగది' అని. నాకు లోపల మస్తు ఖుషీ అయ్యేది. ఇంకొకామె లేసి కట్ట దిక్కు పోతే, గింతసేపు గూడ ఆపుకోలేదా అని నేనే అన్న. ఆపుకునుడే ఆడతనం అనుకున్న నేను. నన్నెవలో కొట్టి నేర్పిచ్చిండ్రని గాదు. నేనే నేర్చుకున్న, నేనే శాబాష్ అనుకున్న.

ముక్కు సంగతా? అగో, అది గూడ ఉన్నదా నీ కాయితంల?

పదేండ్ల కిందనే పోయింది ముక్కు. ముందు నాకు తెల్వనే లేదు. ఒకనాడు ఆకాశ్ అన్నడు, 'అమ్మా, నీ చీరె గింత కంపు కొడుతాంది, నీకు తెలుస్తలేదా' అని. తెలుస్తలేదు. మల్లెపూలు తెలుస్తలేవు, మాడిన కూర తెలుస్తలేదు, చేప కంపు తెలుస్తలేదు. దేవుడు ఇన్నాళ్ళకు దయ తలిచిండనుకున్న. కంపు ఇడిచిపెట్టిపోయిందని సంబురపడ్డ పిచ్చిదాన్ని నేను.

మొప్పలు ఎర్రగ ఉన్నయా, కండ్లు తేటగ ఉన్నయా సూసి అమ్మిన. కండ్లకు కనపడని మురుగు ముక్కుకే దొరుకుతది గద. ఎండకాలం ఒకామెకు పాడయిన బంగారుతీగ చేప ఇచ్చిన. తెల్లారి వచ్చి గా ముక్కలు నా ఒళ్ళో ఏసి పోయింది. 'నీ ఇంట్లోళ్ళకైతే పెడ్తవా?' అన్నది. ఆమె తప్పేమున్నది.

నిద్రల కలవరింతలా? కలవరింతలేనా బిడ్డా, కాళ్ళు గూడ. నిద్రల భిక్షాన్ని తన్నిన. ఒకనాడు మంచం మీదికెళ్ళి కింద పడ్డడు పాపం. మెలకువల ఇరవై ఏండ్లు చేతగానిది నిద్రల చేసిన అన్నట్టు. ఆయన పోయి తాయెత్తు కట్టిచ్చుకొచ్చిండు, నాకు గాదు, ఆయనకు. దెబ్బ తగలకుండనట. అది గూడ గీ రోగం ముచ్చటేనని డాక్టర్ చెప్తే, భిక్షం ముఖం సూడాలె. 'అయితే కావాలని తన్నలేదా సారూ' అని రెండుసార్లడిగిండు.

గీ చెయ్యి ఒణుకుడు అన్నిటికన్న ఎనుక వచ్చింది. మూడేండ్లయితాంది. కుడిచెయ్యి, బొటనవేలు. గింజలు నలిపినట్టు ఊకెనే ఆడుతుండె. కత్తిపీట మీద చేప నిలుస్తలే. నలుగురికి కనపడేసరికి ఏమన్నరో ఎరుకేనా? కల్లుకు అలవాటుపడ్డది అన్నరు. దినాం తాగే భిక్షం చెయ్యి గుంజ లెక్క నిలబడ్తది. పొద్దుగూకేదాక నీళ్ళు గూడ తాగని నేను తాగుబోతునయిన.

గప్పుడు పోయిన పెద్ద దవఖానకు. డాక్టర్ సారు నా చెయ్యి పట్టుకోకముందే కడుపు సంగతి అడిగిండు. నాకు గమ్మత్తనిపిచ్చింది. చెయ్యి ఒణుకుతాందని నేను పోతే, బయటికి మంచిగ పోతున్నవా అంటడేంది? ఇరవై ఐదేండ్లల్ల నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయన. సిగ్గు గూడ రాలే. ఏడుపొచ్చింది. ముఖం మీద కనపడలే గని.

కాయితం మీద బొమ్మ గీసి సూపెట్టిండు. గిది పేగు, గిది తలకాయ, నడుమ పొడుగు నరం. కొందరికి రోగం ముందుగాల పేగులల్లనే మొదలైతదేమో, నరం పట్టుకొని ఏండ్లకేండ్లు పైకెక్కుతదేమో అన్నడు. 'ఏమో' అని రెండుసార్లు అన్నడు, నేనెందుకు అబద్ధమాడాలె. ఇంక ఖాయం కాలేదన్నడు.

నాకు మాత్రం కండ్ల ముందట కట్టినట్టు కనపడ్డది. వల గుంజుడు సూసినవా ఎన్నడన్న? ఒక్కోసారి నీటిపాము తాడుకు సుట్టుకొని పైకొస్తది. గుంజేటోనికి తెల్వది. తాడు బరువున్నదనుకుంటడు. చేతి కాడికొచ్చినంకనే సూస్తడు.

ఇంకోటి గూడ చెప్పిండు. నాకు కడుపు నెమ్మదిగ నడుస్తది గద, గోలీ గూడ అండ్లనే కూసుంటదట. నేను మింగిన గోలీ ఎప్పుడు పనిచెయ్యాల్నో నా కడుపు చెప్పాలె. ఇన్నేండ్లు దాని నోరు నేను మూసిన. ఇప్పుడది నన్ను ఆడిస్తాంది.

నువ్వు చెప్పు మరి, మా మలం డబ్బాలల్ల పట్టుకపోయి ఏం సూస్తరు? పురుగులా? కండ్లకు కనపడనియి, కోట్లకు కోట్లు? మంచియి, చెడ్డయి, ఎవలెవలు ఎక్కువున్నరని లెక్కగడ్తరు. మంచిగున్నది. కడుపుల గూడ సంఘం పెట్టుకున్నయన్నమాట. అండ్ల ఆడ పురుగులకు కార్డులిచ్చిండ్రా?

నవ్వు, నవ్వు. నీ నవ్వు మంచిగుంటది.

ఒక్కటడుగుత, దాసకుండ చెప్పు. నేను నీళ్ళు తాగకపోవుడు తోనే వచ్చిందా గిది?

ఆఁ. తెల్వదంటవ్. కడుపు కట్టుకునుడు తోని రోగం వచ్చుండొచ్చు, లేకుంటే రోగమే చేతికి రాకముందు ఏండ్ల కిందనే కడుపుల చేరి దాన్ని కట్టేసుండొచ్చు. ఏది ముందో ఏది ఎనుకో మీకు గూడ తెల్వదు. నీళ్ళు తాగని ఆడోళ్ళందరికి గీ రోగం వస్తలేదు గదా అంటవ్. అది గూడ నిజమే. గా రోడ్డు మీదనే జామపండ్లమ్మే ముసలామె ఉన్నది, నాకన్న పదేండ్లు పెద్దది, చేతులు రాయి లెక్కున్నయి.

చాయ్ తాగు బిడ్డా. సల్లగయితాంది. వద్దా? చక్కెర ఎక్కువయిందా? మరేంది? ఇంకా నాలుగిండ్లు తిరగాలె... దూలపల్లి దాక పోవాలె... తాగితే మళ్ళ...

అయ్యో బిడ్డా.

నువ్వు గూడనా? గింత సదివి, కడుపుల నరం ఎటు పోతదో తెలిసి, ఊరూరు తిరిగి నీళ్ళు తాగుతరా అని ఆడోళ్ళనడిగే నువ్వు గూడనా? పొద్దున ఇంటికాడ తాగినయేనా? తాగు, మొత్తం తాగు. ఎనుక దిక్కు ఉన్నది బాత్రూం, నల్లా మంచిగొస్తది. పో. నేనేం సూడ. సిగ్గెందుకు, నీ డబ్బా నా ఇంట్ల ఉండంగ సిగ్గు నాకుండాలె గని నీకెందుకు?

పోయొచ్చినవా. కూసో. ఇప్పుడు మంచిగుంది సూడు ముఖం.

ఇగ రెండో డబ్బా సంగతి. గిదే ఇంట్ల ఉండి, గిదే అన్నం తిని, రోగం లేని మనిషిది కావాలె. పోల్చి సూస్తరు. భిక్షం ఇయ్యడు. అడిగిన. 'నేను మొగోన్ని, నాదెందుకు' అన్నడు. ఆకాశ్ ఆటో ఏసుకొని తెల్లారంగనే పోతడు, దొరకడు. మిగిలింది కోడలు. ప్రియాంక. రాసినవ్ గద, నేను సూస్తనే ఉన్న. ప్రియాంక, ఇరవై ఐదు, రోగం లేని మనిషి.

గట్ల రాయకు.

ఎందుకంటే చెప్త. పోయిన నెల ఆదివారం వంటింట్లకు పోయిన. నా గిలాస నేను నానేసుకొని పెట్టిన, కిటికీ కాడ. బియ్యం డబ్బా ఎనుక ఇంకో గిలాస కనపడ్డది. పైన మూకుడు మూసి ఉన్నది. మూకుడు తీస్తే సునాముఖి ఆకు.

వాసన తెల్వది నాకు. రంగు తెలుస్తది. ఆ పసుపు ముదురు రంగు ఇరవై ఐదేండ్లు తాగిన నేను.

ప్రియాంకను పిలిచిన. అడిగిన, 'ఎవలిదే గిది' అని. 'నాదే అత్తమ్మా, జర కడుపు పట్టేసింది' అన్నది. తల దించుకున్నది, తప్పు చేసినట్టు. ఎన్నొద్దులయింది అన్న. మూకుడు మళ్ళ మూసింది. నేనే లెక్కవెట్టుకున్న. నా చెయ్యి ఒణుకుడు మొదలై కత్తిపీట ఆమె చేతికి పోయి రెండున్నరేండ్లు.

ఆమెకు గీ రోగమే వస్తదని నేనంటలేను. నువ్వన్నది సమజైంది నాకు, ఏది ముందో ఏది ఎనుకో తెల్వది. మీకు తెలిసేదాక నేను ఆగుత, నాదేముంది. గా పిల్ల ఆగాల్నా? రోగం రాకపోతే ఆ కడుపు నొప్పి నొప్పి గాదా? ఇరవై ఐదేండ్ల పిల్ల సోమవారం పొద్దంత కడుపు పట్టుకొని గోడకు ఒరిగి కూసుంటాంది బిడ్డా. మీ కాయితం గడిల 'రోగం లేని మనిషి' అని రాస్తే ఇగ ఎవలు నమ్ముతరు ఆమెకు బాధున్నదని?

గందుకే నిన్నొకటడుగుత. నువ్వు చెప్పు ఆమెకు. నీళ్ళు తాగుమని, ఆపుకోవద్దని, సదువుకున్న దానివి, దవఖాన కార్డు మెడల ఉన్నది, నీ మాట ఇంటది.

ఏంది? రూల్ లేదా? అడుగుడు రాసుకునుడే గని సలహాలు చెప్పొద్దా. చెప్తే లెక్క తప్పుతదా.

మంచి రూల్ పెట్టిండ్రు.

నేనే చెప్పొచ్చు గదా అంటవ్. చెప్పిన. తాగు బిడ్డా అన్న, మొన్న. ఎట్ల చెప్పినా నా ముఖం గిట్లనే ఉంటది గద. ఆమె నా దిక్కు సూసి, 'లేదత్తమ్మా, దూప లేదు' అన్నది. పరీక్ష పెడుతున్న అనుకున్నది. ఆమె అట్ల అనుకునుడుల తప్పు లేదు.

ఎందుకు లేదంటే...

పెన్ను పక్కకు పెట్టు. గిది రాసుకునేది గాదు.

ఆమెది దూలపల్లి. పెండ్లికి ముందు ఏదో ప్యాకింగ్ కంపెనీల పని చేసింది. ఆడ బాత్రూం ఉండెనట, పది నిమిషాలు పంపిస్తుండ్రట. గా అలవాటు. నా పక్కన రోడ్డు మీద కూసున్న మొదటి వారం, దినాం పెద్ద బాటిల్ తెచ్చుకునేది. నేను సూసుకుంట ఉన్న. తాగనియ్, ఎట్లయినా ఆమెకే తెలుస్తది అనుకున్న.

ఒకనాడు పట్టపగలు, బాటిల్ ఖాళీ చేసింది. లేసింది. చేతులు కడుక్కున్నది, తుడుసుకున్నది. రోడ్డు దాటింది. అవతల దాబా ఉన్నది, పెట్టి అప్పటికే పదహారేండ్లు. గల్లా కాడ కూసున్నాయనను ఏందో అడిగింది. ఆయన పెన్ను చేతుల పట్టుకొనే ఎనుక దిక్కు సూపెట్టిండు. గంతే. లెక్కలు రాసుకునుడు గూడ ఆపలే.

మూడు నిమిషాలు పట్టలే. తిరిగొచ్చింది. ముఖం గూడ కడుక్కున్నది, జడ మీద నీళ్ళు కారుతున్నయి. నా పక్కన కూసొని చెవుల చెప్పింది, 'అత్తమ్మా, నువ్వు గూడ పోయిరా. మంచిగున్నది. నల్లా గూడ ఉన్నది. ఆయన ఏమంటలేడు' అని.

నల్లా గూడ ఉన్నదట.

గా దాబాకు కొర్రమీను ఎవలిచ్చిండ్రనుకుంటున్నవ్? నేను. పదహారేండ్లు, వాళ్ళ వంటింటి వాకిలి దాక పోయి తూకమేసిచ్చిన. ఆ వాకిలి పక్కకే ఉన్నదట బాత్రూం. నేను నిలబడే జాగకు నాలుగడుగులు. తట్ట నెత్తిన పెట్టుకొని, కడుపు బిగవట్టుకొని, గా తలుపు ముందటికెళ్ళి దినాం వచ్చిన, పోయిన.

నన్ను పంపకపోతుండెనేమో. ఆమె పడుసుపిల్ల, సదువుకున్నట్టున్నది, పంపిండు. కంపు కొట్టే చేపలామెను పొమ్మంటుండెనేమో. గట్లనే అనుకుందమని మస్తు సూసిన బిడ్డా. అయితలేదు. ఎందుకంటే నాకు తెల్వది. నేను అడగలే. ఒక్కనాడన్న అడిగి, కాదనిపిచ్చుకొని ఉంటే ఇయ్యాల ఆయనను తిట్టుకుంట బతికేదాన్ని.

ఆ పిల్ల గా మాట చెప్పినప్పుడు నాకు సంబురం కావాలె గదా? నా కోడలుకు దారి దొరికింది, నాకు గూడ దొరికింది. సంబురం కాలే. నా ఇరవై ఐదేండ్లను ఎవలో బజార్ల కుప్ప పోసి నవ్వినట్టయింది. గింత దానికా, గింత దానికేనా నువ్వు సచ్చింది అన్నట్టు.

ఆమె పక్కన ఇంకో బాటిల్ ఉండె, నిండుది. గుంజుకున్న. మూత తీసి, నలుగురు గిరాకోళ్ళు సూస్తుండంగ, నీళ్ళన్ని చేపల మీద ఒంపిన. 'మొగోళ్ళు తాగే కాడికి ఉచ్చకు పోతవా? సిగ్గు లేదా? సుక్క నీళ్ళు తాగకుంటే సస్తవా? నేను సచ్చిన్నా?' అన్న. గట్టిగ అన్న, అవతలి దాక ఇనపడేటట్టు. నర్సయ్య నవ్విండు. గిరాకోళ్ళు గూడ నవ్విండ్రు.

ఆమె నవ్వలే, ఏడ్వలే. చేప మీది నీళ్ళు దులిపి కోసుడు మొదలుపెట్టింది.

గా దినం నుంచి బాటిల్ తేలే. ఆరు నెల్లల్ల నర్సయ్య ఆమెను గూడ మెచ్చుకున్నడు, అత్తకు తగ్గ కోడలు అని. ఇంటికొచ్చి నాకు చెప్పింది. నేను శాబాష్ అన్న.

ఇప్పుడెంతయింది, పదకొండా? నాకు గడియారం అక్కర్లేదు. గీ టైముకు నాలుక అంగిట్లకు అతుక్కుంటది. పన్నెండు దాటితే తలకాయ ఎనుక నొస్తది. రెండయితే ఇగ దూప గాదు, దూప పోయి ఒక తీరు మొద్దుతనం వస్తది, అదే మంచిగున్నదనిపిస్తది. రోడ్డు మీద కూసున్న ఆ పిల్ల ఇప్పుడు ఏడ ఉన్నదో నీ డబ్బాల కన్న నాకే మంచిగ తెలుసు.

గింత తెలిసినదానివి పోయి చెప్పరాదా అని సూస్తున్నవ్ నా దిక్కు. ఇంట్లోళ్ళందరికి చెప్పిన, కాళ్ళు కదుల్తలేవు, రోడ్డు దాక రాలేను అని. ప్రియాంక గూడ గదే నమ్ముతాంది. పొద్దున పోయేటప్పుడు నా కాళ్ళు వత్తి మరీ పోయింది.

అబద్ధం బిడ్డా. నువ్వొచ్చే ముందట రెండుసార్లు బాటిల్ నింపుకొని సందు చివర దాక నడిసిన. మంచిగనే నడిసిన. ఆడికెళ్ళి రోడ్డు కనపడ్తది, ఆమె ఈపు కనపడ్తది. ఆడ నిలబడి, ఏమని పిలవాల్నో తెల్వక, నీళ్ళు గోడ పక్కన ఒంపి తిరిగొచ్చిన.